ఏ వేలు తిమ్మిరెక్కుతోందో చూసి కీబోర్డు కొనండి

రాత్రి రెండు, మూడు గంటల మధ్య కుడిచేయి మొద్దుబారి మెలకువ వచ్చేది. చేయి మంచం పక్కకి వేలాడేసి నాలుగైదుసార్లు విదిలిస్తే స్పర్శ తిరిగొచ్చేది. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం. చిటికెనవేలు మాత్రం శుభ్రంగా ఉండేది.

ఈ మూడున్నర వేళ్ల లెక్క చాలా ముఖ్యం. మణికట్టు దగ్గర చిన్న ఎముకలకీ, వాటి మీద పట్టీలా బిగిసి ఉండే పొరకీ మధ్య ఇరుకు దారి ఒకటి ఉంటుంది. అందులోంచి వేళ్లని ముడిచే తొమ్మిది టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లు), వాటితో పాటు మీడియన్ నరం వెళ్తాయి. అక్కడ ఒత్తిడి పెరిగితే ఆ మూడున్నర వేళ్లే మొద్దుబారతాయి. అదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. చిటికెనవేలూ దాని పక్క సగమూ తిమ్మిరెక్కితే అది అల్నార్ నరం, ఎక్కువగా మోచేయి దగ్గర నొక్కుకుంటుంది. తిమ్మిరి లేకుండా బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉండి, నీళ్ల జగ్గు ఎత్తితే పెరిగితే డి కెర్వేన్ అనే టెండన్ వాపు కావచ్చు. ఈ మూడింటికీ ఒకే కీబోర్డు సరిపోదు. బొటనవేలికి అదనపు కీలు అప్పగించే స్ప్లిట్ కీబోర్డు (చేతికొకటి చొప్పున రెండు ముక్కలుగా ఉండేది) నాకు పనికొస్తుంది, డి కెర్వేన్ ఉన్నవాళ్లకి మరింత చేటు చేస్తుంది.

అందుకే కీబోర్డు కంటే ముందు న్యూరాలజిస్టు. నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించారు, షుగర్, థైరాయిడ్ చూశారు. ఆ రెండిటిలో ఏది ఉన్నా ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. టైపింగ్ వల్లే వచ్చిందని డాక్టరు గారు అనలేదు. మణికట్టు పైకో కిందకో వంగి ఉన్నంతసేపూ ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుందని, నిద్రలో అయినా, బల్ల దగ్గర అయినా దాన్ని తిన్నగా ఉంచడమే మొదటి వైద్యమని చెప్పారు. బొటనవేలి కింద కండ సన్నబడుతున్నా, చొక్కా గుండీ పెట్టలేకపోతున్నా కీబోర్డులు వెతుకుతూ కూర్చోవద్దు. అది సర్జన్ చూడాల్సిన దశ.

నాకు ఆరు వారాలు రాత్రిపూట మణికట్టుని తిన్నగా పట్టి ఉంచే స్ప్లింట్ రాశారు. మందుల షాపులో దొరికే చాలా స్ప్లింట్లలో లోపలి లోహపు పట్టీ 20 నుంచి 30 డిగ్రీలు పైకి వంగి ఉంటుంది. కార్పల్ టన్నెల్‌కి కావాల్సింది సున్నాకి దగ్గరగా. పట్టీని స్ప్లింట్ జేబులోంచి బయటికి లాగి, బల్ల అంచుకి ఆనించి నెమ్మదిగా తిన్నగా చేసి మళ్లీ దోపాలి. వెల్క్రో గట్టిగా బిగిస్తే అదే ఒత్తిడి అవుతుంది, కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. విశాఖ ఉక్కపోతలో స్ప్లింట్ కింద చర్మం రెండో రోజుకే దురద పెడుతుంది. పాత కాటన్ మేజోడు కొన కత్తిరించి, బొటనవేలికి చిన్న కన్నం చేసి లోపల తొడుక్కుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఆ ఆరు వారాలూ మధురవాడ నుంచి సిరిపురం బండి మీద కాకుండా బస్సులో వెళ్లాను. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే కుడి మణికట్టు పైకి వంగి ఉంటుంది, పైగా హ్యాండిల్ అదురు.

ఇక కీబోర్డు. కొనే ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. మామూలు కీబోర్డులు రెండు భుజాల వెడల్పున పక్కపక్కన పెట్టి, ఎడమచేత్తో ఒకదాని మీద, కుడిచేత్తో రెండోదాని మీద టైప్ చేయండి. విండోస్‌లో ఒకదాని షిఫ్ట్ రెండోదానికీ పనిచేస్తుంది, మ్యాక్‌లో చేయదు. రెండు మూడు రోజుల్లో రెండు సంగతులు తెలుస్తాయి: విడదీస్తే హాయిగా ఉందా, ఇన్నాళ్లూ బి, వై లాంటి నడిమి అక్షరాలు ఏ చేత్తో కొడుతున్నారు. రెండో చేత్తో కొట్టే అలవాటుంటే స్ప్లిట్‌లో ఆ కీ అటువైపు ఉండదు, తడబడతారు.

టైప్ చేసేటప్పుడు ఇబ్బంది పెట్టే వంపులు మూడు, స్ప్లిట్ బాగుచేసేది వాటిలో రెండే. చేతులు దగ్గరకొచ్చినప్పుడు మణికట్టు చిటికెనవేలి వైపు తిరగడం, విడదీస్తే పోతుంది. అరచేయి పూర్తిగా బల్ల వైపు బోర్లాపడటం, లోపలి అంచు ఎత్తితే, అంటే టెంటింగ్ చేస్తే తగ్గుతుంది. మణికట్టు పైకి వంగడం మాత్రం స్ప్లిట్‌తో పోదు. అది ఎత్తుకి సంబంధించినది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నాదీ అంతే. కూర్చున్నప్పుడు నా మోచేయి నేల నుంచి 66 సెంటీమీటర్లు, బల్ల 75. కీబోర్డు, టెంటు కలిపి ఇంకో మూడు. ఎంత మంచి కీబోర్డు తెచ్చినా భుజాలు లేస్తాయి, మణికట్లు వంగుతాయి. కుర్చీ పెంచి, కాళ్ల కింద వంటింటి పీట వేశాక గానీ తేడా తెలియలేదు. కీబోర్డు వెనక కాళ్లు మడిచేయండి, ఎప్పుడూ తెరవద్దు. టెంటు 10 డిగ్రీలతో మొదలుపెట్టి వారానికి ఐదు చొప్పున పెంచితే చాలు, నేను 15 దగ్గర ఆగాను. అరచేతి దిండు టైపింగ్ ఆపినప్పుడు చేయి ఆనించడానికే. టైప్ చేస్తూ దాని మీద బరువేస్తే నరం మీదే నొక్కినట్టు.

ఎన్ని కీలు ఉండాలన్నది తెలుగు టైప్ చేసేవాళ్లు విడిగా ఆలోచించాలి. ఇంగ్లీషు రాసేవాళ్లు మెచ్చుకునే 42 కీల స్ప్లిట్ కీబోర్డు కోర్నె మీద, ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) 'కొడుకు' అని కొట్టి చూడండి. కకారం కుడి మధ్యవేలి కిందే ఉంది. ఒత్వం మామూలు కీబోర్డులో ఎడమ పై మూలన, అంకెల వరుస మొదట్లో ఉండే కీ. కోర్నెలో ఆ వరుసే లేదు. డకారం పి అక్షరానికి కుడిపక్కన ఉండే బ్రాకెట్ కీ, అదీ వేరే లేయర్‌లోకి, అంటే ఇంకో కీ నొక్కిపడితేనే వచ్చే అమరికలోకి పోతుంది. అంటే మూడక్షరాల మాటలో రెండుసార్లు బొటనవేలు నొక్కిపట్టి ఇంకో కీ వెతకాలి. దీనికి దారులు రెండు. ఒకటి, లిల్లీ58 లాగా 58 కీలు ఉన్నదో, వాయేజర్ లాగా 52 ఉన్నదో తీసుకోవడం, వీటిలో అంకెల వరుస ఉంటుంది. రెండు, కోర్నెలోనే ట్యాబ్ చోట ఒత్వం, కుడి పై మూలన డకారం పెట్టి, బ్యాక్‌స్పేస్‌ని బొటనవేలికి దించడం. నేను 58 కీలదే ఎంచుకున్నాను.

ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులకీ, ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలకీ షిఫ్ట్ కావాలి. దాన్ని చిటికెనవేలికి వదిలేయొద్దు. ఎడమ బొటనవేలికి ఇచ్చి, నొక్కి వదిలేస్తే తర్వాతి ఒక్క అక్షరానికే వర్తించేలా పెట్టుకోండి. కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్ క్యూఎంకే అయితే దీన్ని వన్ షాట్ అంటారు, జెడ్‌ఎంకే అయితే స్టిక్కీ కీ. నాకు దెబ్బతిన్నది కుడిచేయి కాబట్టి కుడి బొటనవేలికి స్పేస్ ఒక్కటే ఉంచాను.

బొటనవేలి కీలు అందుతాయో లేదో కాగితం మీదే తేలుతుంది. కీబోర్డు నమూనా బొమ్మ దించుకుని అసలు సైజులో ప్రింట్ తీయించండి. ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపులో నాకు మొదటి కాగితం చిన్నదిగా వచ్చింది, 'ఫిట్ టు పేజ్' తీయకపోవడం వల్ల. స్కేలు పెట్టి ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి 19 మిల్లీమీటర్లు ఉందో లేదో చూడాలి. తక్కువ ఎత్తు చాక్ రకం స్విచ్‌ల (కీల కింద నొక్కుకునే భాగాలు) బోర్డులు కొన్నిటిలో 18 అడ్డం, 17 నిలువు ఉంటుంది. దాని మీద చేయి వదులుగా పెట్టి బొటనవేలు చాచకుండా ఎన్ని కీలు తాకుతుందో లెక్కపెట్టండి. నాకు రెండు. మూడోది కొంటే అలంకారమే.

స్విచ్‌లు: నొక్కడానికి 60 గ్రాముల బలం పట్టేవాటి నుంచి ఒక్కసారిగా 35కి దిగితే వేళ్లు ఆనించినా అక్షరాలు పడిపోతాయి, ఆ భయానికి వేళ్లు గాల్లో పట్టుకుంటాం, ముంజేయి నొప్పెడుతుంది. 45 గ్రాముల లీనియర్ (మధ్యలో తట్టకుండా సాఫీగా దిగేది) నాకు కుదిరింది. స్విచ్‌లు ఊడదీసి మార్చుకోగలిగే హాట్‌స్వాప్ బోర్డు అయితే పొరపాటు పెద్దగా బాధించదు.

రెండు ముక్కల్ని కలిపే టీఆర్‌ఆర్‌ఎస్ తీగ యూఎస్‌బీ ఉండగా ఊడదీయకండి. పిన్ను జారేటప్పుడు కరెంటు లైన్, గ్రౌండ్ ఒకదానికొకటి తగిలి కీబోర్డుని నడిపే కంట్రోలర్ కాలిపోవచ్చు. ముందు యూఎస్‌బీ, తర్వాత ఆ తీగ. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఆ పిన్ను పచ్చగా చిలుము పడుతుంది, ఒక సగం ఉన్నట్టుండి పలకదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు మళ్లీ పలుకుతుంది.

మొదటి రెండు వారాలు వేగం సగానికి పడిపోయింది. రోజుకి అరగంటతో మొదలుపెట్టి, మిగతా పని పాత కీబోర్డు మీదే చేశాను. ఫిజియోథెరపిస్టు నేర్పిన టెండన్ గ్లైడ్‌లు రోజుకి మూడుసార్లు: వేళ్లు తిన్నగా, కొక్కెంలా, పూర్తి పిడికిలి, తిరిగి తిన్నగా. తిమ్మిరి మొదలైతే అక్కడితో ఆపేయాలి. ఐదో వారానికి రాత్రి మెలకువలు పోయాయి. మూడో నెలకి చూపుడువేలి కొనకి గుండుసూదీ, పెన్ను మొనా తేడా తెలిసింది. ఎప్పుడైనా మధ్యాహ్నం మూడు దాటాక మధ్యవేలు కాస్త జివ్వుమంటే ముందు కాళ్ల కింద పీట ఉందో లేదో చూసుకుంటాను. చాలాసార్లు ఎవరో పక్కకి జరిపే ఉంటారు.