చెక్క నేలకు పూత ఎంచుకోవడం: నా అనుభవం

మా ఇంట్లోని ఓక్ చెక్క నేల మీద పాత వార్నిష్ నడిచే దారి పొడవునా అరిగిపోయి, చెక్క నల్లబడటం మొదలయ్యేసరికి, దాన్ని మొత్తం గీకించి కొత్త పూత వేయించాలని నిశ్చయించుకున్నాను. ఉప్పుకాగితం పట్టించడంలో శ్రమ ఎక్కువే గాని సందిగ్ధం లేదు. ఏ పూత వేయాలన్నదే తేలడానికి సమయం పట్టింది.

నూనె ఆధారిత పాలీయురేథేన్ (గట్టి పొరగా ఆరే ఒక రకం వార్నిష్) చెక్కకు తేనె రంగునిస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ మరింత పసుపెక్కుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, ఒక్కో పూత ఆరడానికి దాదాపు ఒక రోజు కావాలి. నీటి ఆధారితమైనది కొన్ని గంటల్లోనే ఆరుతుంది, రంగును పెద్దగా మార్చదు. అయితే తడికి చెక్క నార పైకి లేస్తుంది కనుక, మొదటి పూత ఆరాక సన్న కాగితంతో తేలికగా రుద్దాలి. మూడవది హార్డ్‌వ్యాక్స్ ఆయిల్, అంటే నూనెలూ మైనాలూ కలిసిన మిశ్రమం.

దుకాణంలోని నమూనా చెక్కను నేను నమ్మలేదు. బీరువా కిందికి వచ్చే మూలలో, గీకిన మా నేల మీదే మూడింటినీ పక్కపక్కన పూయించి, పగటి వెలుతురులోనూ రాత్రి దీపాల కిందా చూశాను. రంగు వరకు నీటి ఆధారితమే నాకు నచ్చింది. అయినా దాన్ని ఎంచుకోలేదు. పాలీయురేథేన్ చెక్కపై పొరలా నిలుస్తుంది. గీత ఆ పొరను దాటి చెక్కను తాకితే, అక్కడ మాత్రమే పూసిన అతుకు తేలికగా కలిసిపోదు, చాలాసార్లు గది మొత్తాన్నీ రుద్ది మళ్లీ పూయవలసి వస్తుంది. నేను ఎంచుకున్న హార్డ్‌వ్యాక్స్ ఆయిల్‌లోని నూనె చెక్కలోకి ఇంకుతుంది కనుక పాడైన చోటు వరకే బాగుచేసుకోవచ్చు. కుర్చీలు నిత్యం జరుగుతూ ఉండే ఇంట్లో గట్టిదనం కంటే ఈ గుణమే ముఖ్యమని నా అభిప్రాయం.

దీనికీ షరతులున్నాయి. పాత పూత మిగిలిన చోట నూనె ఇంకదు. ఇంకగా మిగిలిన నూనెను వెంటనే పూర్తిగా తుడవకపోతే నేల జిగురుగా ఉండిపోతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. కాబట్టి వాటిని నీటిలో ముంచి మూతగల లోహపు డబ్బాలో ఉంచాలని పనివారికి ముందే గట్టిగా చెప్పాను. నేల గట్టిపడేవరకు తివాచీలు పరచలేదు, తడిగుడ్డ పెట్టలేదు.

ఆ తరువాత వంటగది గుమ్మం దగ్గర నేల వెలిసిపోయింది. అంతమేరకే తేలికగా రుద్ది, పలచగా నూనె పట్టించి తుడిచాను. ఆరాక చుట్టుపక్కల చెక్కతో కలిసిపోయింది.