బీవీఐ కంపెనీ: పెట్టడం తేలికే, నిలబెట్టడమే తంటా

బెంగళూరు మారతహళ్లిలో కూర్చునే బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌ (బీవీఐ)లో కంపెనీ పెట్టొచ్చు. అసలు చిక్కు మన విదేశీ మారక చట్టం ఫెమాతోనే. 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం, ఇక్కడి రెసిడెంట్ వ్యక్తి తన కంట్రోల్‌లో ఉన్న విదేశీ కంపెనీ కింద మరో సబ్సిడియరీ (అనుబంధ కంపెనీ) పెట్టకూడదు. అంటే చాలామంది గీసుకునే 'పైన వాటాలు పట్టుకునే హోల్డింగ్ కంపెనీ, కింద వ్యాపారం చేసే ఆపరేటింగ్ కంపెనీ' బొమ్మ అక్కడే చెడుతుంది. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం ఎల్ఆర్ఎస్ పరిమితి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. ముందు బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల ఫారం) ఇచ్చి యూఐఎన్ (ఆ పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తెచ్చుకోండి, డబ్బు పంపేది ఆ తర్వాతే. ఈ వరస తప్పితే తర్వాత సరిదిద్దుకోవడం పెద్ద తలనొప్పి.

అక్కడి సంగతికొస్తే, జనవరి-జూన్ మధ్య రిజిస్టరైన కంపెనీకి ఏటా ఫీజు గడువు మే 31, మిగతావాటికి నవంబర్ 30. ఎగ్గొడితే రిజిస్టర్ నుంచి కంపెనీ పేరు కొట్టేస్తారు. 2023 నుంచి కొట్టేయడమంటే రద్దు కావడమే; పూర్వంలా ఏడేళ్ల వెసులుబాటు లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లో వార్షిక రిటర్న్ రిజిస్టర్డ్ ఏజెంట్‌కు (కంపెనీ తరఫున అక్కడ ఉండే లైసెన్సు ఉన్న ప్రతినిధికి) చేరాలి. ఆడిట్ అక్కర్లేదు, లెక్కలు మాత్రం ఉండాలి.

ఇక్కడి ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తులు చూపే పట్టిక) మరవకండి. కంపెనీలో పైసా లాభం లేకపోయినా సరే.