సగం కోర్టు

ఆదివారం, రాత్రి

ఉదయం ఆరింటికే అమ్మాయిని టెన్నిస్ కోర్టు దగ్గర దింపాను. రాత్రంతా వీచిన సముద్రపు గాలికి నేల ఇంకా చెమ్మగా ఉంది. ఆట అయ్యాక కోచ్ పిలిచి, వచ్చే పోటీలో డబుల్స్ మాత్రమే ఆడమన్నారు. మూడు నెలలుగా మణికట్టు నొప్పి తగ్గడం లేదు మరి. బండి మీద ఇంటికి వచ్చేదాకా అది నోరు విప్పలేదు. గడప దాటాక అంది: "సింగిల్స్ చేతకానివాళ్లకే కదా నాన్నా డబుల్స్?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. 2005లో హైదరాబాద్ టోర్నమెంటు గెలిచినప్పటి నుంచి సానియా మీర్జా ఆట చూస్తున్నవాణ్ణి. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. ఆ ఫోర్‌హ్యాండ్ చూస్తే ఒళ్లు పులకరించేది. మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. మణికట్టుకూ మోకాళ్లకూ శస్త్రచికిత్సలు జరిగాయి. 2013లో సింగిల్స్ మానేసినప్పుడు, ఇక అయిపోయిందని దిగులుపడ్డాను. ఎంత తప్పుగా లెక్కవేశానో!

సాయంత్రం దాన్ని రామకృష్ణా బీచ్‌కు తీసుకెళ్లాను. ముంత కింద పప్పు పొట్లాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్ గురించి చెప్పాను. సానియా, స్విట్జర్లాండ్ ఆటగత్తె మార్టినా హింగిస్ ఒకవైపు, రష్యా జోడీ మకరోవా, వెస్నినా మరోవైపు. మొదటి సెట్ పోయింది. రెండోది 6-6తో సమమయ్యాక ఆడే టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5కు లాక్కొచ్చారు. వెలుతురు తగ్గడంతో ఆట ఆపి, పైకప్పు మూసి, దీపాలు వేశారు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నేను కుర్చీ అంచున కూర్చున్నాను. 7-5తో గెలిచారు. అప్పటికే ఆ ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. భారత మహిళల్లో అంతకుముందు ఎవరికీ దక్కని స్థానం అది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు.

డబుల్స్‌లో కాపలా కాయాల్సింది సగం కోర్టే, కానీ ఆలోచించాల్సింది ఇద్దరి కోసం. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్‌తో దారి తెరిస్తే, వల దగ్గర హింగిస్ ముగించేది. ఒంటరిగా ఆడినన్నాళ్లూ సానియా చేయి మోసిన భారంలో సగం మరొకరి భుజాలకు మారింది. ఆటలో పదును మాత్రం తగ్గలేదు.

మన విశాఖ ఆటగాడు సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది సానియాతోనే అన్నాను. అది వెంటనే తలెత్తి చూసింది. సాకేత్ పేరు దానికి తెలుసు.

"2-5 దగ్గర ఇద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారు నాన్నా?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. అలలనే చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుంది.

రాత్రి అన్నం తింటూ, తనకు జోడీగా ఎవరిని ఇస్తారని అడిగింది. రేపు కోచ్‌నే అడుగుదామన్నాను. మణికట్టుకు కాపడం పెట్టాను. ఇప్పుడే నిద్రపోయింది.