తలుపు! తలుపు!

నిన్న సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద గురజాడ విగ్రహం దగ్గర కూర్చుని, ఆయన కథతోనే ఆడుకున్నాం. 'దిద్దుబాటు', 1910 నాటిది. సానిపాటకి వెళ్లిన గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చి తలుపు కొడతాడు. లోపల భార్య కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది. ఈ కథని ఒక్కొక్కరూ ఒక్కో తీరులో చెప్పాలి. ఓడినవాళ్లు మిర్చిబజ్జీలు కొనాలి.

మావాడొకడు న్యూస్ చానల్ అందుకున్నాడు. "కమలిని ఎక్కడ? మంచం కింద ఏముంది? బ్రేక్ తర్వాత!" ఇంకొకడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్. గోపాలరావు ఏడుస్తుంటే ఓ బాబాయి గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టేశాడు. నేను మెట్రో అనౌన్స్‌మెంట్ చేశా, "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అని. చప్పగా ఉందన్నారు. నిజమే.

గెలిచింది మాత్రం మా వదిన. కథలోని నౌకరు రాముణ్ని తీసుకెళ్లి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని చేసింది. "మేడం బోయిండ్రు సార్. నాకేం ఎర్కలే. లిఫ్ట్ గూడ బంద్ ఉండె." చున్నీని తలగుడ్డలా చుట్టుకుని, చేతులు కట్టుకుని, కళ్లు మాత్రం పక్కకి, అంటే మంచం ఉన్న వైపుకి, దొంగగా తిప్పుతూ చెప్పింది. పక్కన మక్కకంకులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపేసి మరీ వింది.

"మరి ఆమె యాడికి బోయింది బిడ్డా?"

మంచం కిందే ఉండి నవ్విందని చెప్పాం.

"గంత జల్దీ నవ్విందా? నేనైతే తెల్లారెదాంక బయటికే రాను" అంటూ మళ్లీ విసరడం మొదలుపెట్టింది.

బజ్జీలు నేనే కొన్నా. ఆవిడకీ రెండు.