రింగు నంబర్లలో ఆల్బట్రాస్ ఆయుష్షు వెతకడం: నా అనుభవం

సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని సముద్ర పక్షుల మీద పనేమిటి అంటారు. నా పని ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షితో కాదు, దాని కాలికి గుర్తుగా తొడిగిన రింగు నంబరుతో. గూడు దగ్గర కనబడిన ఏడాదికి 1, లేకపోతే 0. పక్షి బతుకంతా 101001 లాంటి ఒక వరస. పిల్లను పెంచినందుకు తల్లిదండ్రుల ఆయుష్షు తరుగుతుందా అన్నది ఆ వరసల్లోంచే లాగాలి.

మొదట మామూలు కార్మాక్-జాలీ-సీబర్ మోడల్ (ఇలాంటి 1, 0 వరసల నుంచి ఏటా ఎన్ని పక్షులు బతుకుతున్నాయో అంచనా కట్టే లెక్క) పెట్టాను. దెబ్బ అక్కడే తగిలింది. వాండరింగ్ ఆల్బట్రాస్ పెట్టేది ఒక్క గుడ్డు. పొదగడానికి సుమారు 78 రోజులు, పిల్ల ఎగరడానికి మరో తొమ్మిది నెలలు. ఏడాది దానికే సరి. పెద్ద రెక్క ఈకలు మార్చుకునేది ఆ తర్వాతి సెలవు ఏడాదిలో, అంటే గూటికి రాని ఏడాదిలో, నడిసముద్రంలో. అంటే ఆ 0 చావు కాదు, ఒంటి మరమ్మతు. మధ్యలో పడ్డ 0ని తర్వాతి 1 కాపాడుతుంది. చివరి 0లకు ఆ దిక్కు లేదు. అందుకే ఆఖరి రెండు మూడేళ్ల మనుగడ రేటు ఉత్తినే పడిపోయినట్టు వస్తుంది.

తర్వాత పక్షి ఏటా ఏ స్థితిలో ఉందో కూడా లెక్కలోకి తీసుకునే బహుళస్థితి మోడల్‌కి మారాను. స్థితులు నాలుగు: పిల్ల దక్కినవి, దక్కనివి, ఆ రెంటి తర్వాత సెలవులో ఉన్నవి. సెలవు పక్షులు కంటికి కనబడవు కాబట్టి వాటి మనుగడ రేటును కనబడేవాటితో సమానమని కట్టేయాలి, లేకపోతే లెక్క తేలదు. కంప్యూటర్ వెతుకులాట మొదలుపెట్టే అంకెలు (ప్రారంభ విలువలు) మార్చి మోడల్‌ని పదిసార్లయినా నడపండి. ఒక్కసారికే వచ్చిన జవాబును నేను నమ్మను.

దశాంశాలను తేలిగ్గా తీసుకోకండి. ఏటా మనుగడ రేటు 0.95 అయితే (వందకు 95 పక్షులు మరుసటి ఏడాదికి మిగిలితే) మిగిలిన ఆయుష్షు సగటున 20 ఏళ్లు (1ని 0.05తో భాగించండి). అది 0.93కి దిగితే 14 చిల్లర. రెండేళ్లకో గుడ్డు పెట్టే పక్షికి అది దాదాపు మూడు గుడ్ల నష్టం.

ఇంత చేసినా పిల్ల దక్కిన పక్షులే ఎక్కువ బతికినట్టు తేలొచ్చు. బలమైనవే పిల్లనూ పెంచుతాయి, తామూ బతుకుతాయి మరి. ఈ ముడి విప్పేది ప్రయోగమే. అలాస్కాలో కిట్టివేక్ (ఒక రకం సముద్రపు పక్షి) గూళ్లు కొన్నింట్లో గుడ్లు తీసేసి, మిగతావాటితో పోల్చి చూస్తే, పిల్లల్ని పెంచిన జంటలకే మనుగడ తగ్గింది. లీచ్ స్టార్మ్ పెట్రెల్ అనే చిన్న సముద్ర పక్షుల్లో, తల్లిదండ్రులకు ఎగరడం భారమయ్యేలా వాటి రెక్క ఈకలు కత్తిరించిన 1995 నాటి అధ్యయనంలో వాటి సొంత ఈక ఎదుగుదల తగ్గలేదు. పిల్ల ఈకలే నెమ్మదిగా పెరిగాయి.