మునుగోడు దారిలో మూడు లీటర్ల నీళ్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో నల్లగొండ బస్సు ఎక్కేముందు పక్క దుకాణంలో నీళ్ల సీసా కొన్నాను. సీసా మీద 20 రూపాయలని అచ్చయి ఉండగా 25 తీసుకున్నారు. ఇదేమిటని అడిగితే కూలింగ్ చార్జి అన్నారు. అయిదు రూపాయల కోసం తగవు పెట్టుకునే వయసు దాటిపోయిందని సర్దుకున్నాను గాని, చిట్యాల దాటేదాకా మనసులో ఆ గొణుగుడు ఆగలేదు. అయితే ఈ ప్రయాణం పొడుగునా నేను ఆలోచించబోయేది నీళ్ల గురించేనని అప్పటికి నాకు తెలియదు.

ఆగస్టులో హైదరాబాదు మారథాన్‌కు ఇంకా అయిదు వారాల వ్యవధి ఉంది. అంతకుముందు ఒక్కసారైనా 32 కిలోమీటర్లు ఏకబిగిన పరుగెత్తి చూసుకోవాలి. నగరంలో అంత దూరం పరుగెత్తాలంటే సిగ్నళ్లు, కుక్కలు, ఒకే వంతెన ఎక్కి దిగి మళ్లీ ఎక్కడం తప్పదు. అందుకే నల్లగొండలో ఉన్న చిన్నమ్మ ఇంటికి బయలుదేరాను. వెళ్లిన రోజు సాయంత్రం పానగల్ వైపు తేలికగా ఆరు కిలోమీటర్లు పరుగెత్తి, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు నిలబడి తిరిగి వచ్చాను. ఛాయా సోమేశ్వరాలయంలో నీడ చూసి రమ్మని చిన్నమ్మ చెప్పింది కాని, చీకటి పడిపోయింది.

అసలు ఇబ్బంది రాత్రి భోజనం దగ్గర వచ్చింది. నేను వచ్చానని చిన్నమ్మ జొన్నరొట్టెలు, నాటుకోడి కూర చేసి పెట్టింది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు కాగా, ఒంట్లో పిండిపదార్థపు నిల్వ కండరాల్లో సుమారు 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో మరో 100 గ్రాముల దాకా మాత్రమే ఉంటుంది. గట్టిగా పరుగెత్తితే అది రెండు గంటలకే అడుగంటుతుంది కాబట్టి, ముందు రాత్రి దాన్ని పూర్తిగా నింపుకోవాలి. పీచు, కొవ్వు ఎక్కువైతే తెల్లవారి కడుపు మాట వినదు. అందువల్ల నేను సంకోచిస్తూనే తెల్లన్నం, పలుచని పప్పుచారు చాలని చెప్పాను. చిన్నమ్మ ముఖం చిన్నబోయింది. "ఊరంతా షుగరని అన్నం బందు పెడ్తుంటే నువ్వు అన్నమే కావాలంటవేంది బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. కోడికూర తెల్లారి వచ్చాక తింటానని మాట ఇచ్చి బయటపడ్డాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు చిన్నాయన తన కిరాణా దుకాణం షట్టరు నాకోసం ఎత్తాడు. బియ్యం బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా మీద నన్ను నిలబెట్టి, నడుము దాకా వంగి అంకె చదివి 68.4 అన్నాడు. మెడ ఒక్కటే వంచవచ్చు కదా అనుకున్నాను గాని, ఆ వేళకు నా ధ్యాసంతా సంచిలోని నీళ్ల మీదే ఉంది. వీపున తగిలించుకునే ఆ సంచిలో లీటరున్నర నీళ్లు, 90 గ్రాముల చక్కెర, చిటికెడు కంటే కొంచెం ఎక్కువ ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలిపాను. జేబులో రెండు అరటిపండ్లు, అయిదు చిన్న ఖర్జూరాలు పెట్టుకున్నాను. మొత్తం కలిపితే గంటకు సుమారు 45 గ్రాముల పిండిపదార్థం అందుతుంది. పరుగెత్తేవాళ్లు దారిలో మింగే, 25 గ్రాముల పిండిపదార్థం ఉన్న జెల్ పొట్లం ఒక్కటి 100 రూపాయలకు పైగా అమ్ముతున్నారు, ఆ డబ్బుతో రెండు కిలోల చక్కెర వస్తుంది. గ్లూకోజు ఒక్కటే అయితే పేగు గంటకు 60 గ్రాములకు మించి పీల్చుకోలేదు. ఫ్రక్టోజుకు మాత్రం వేరే దారి ఉంటుంది. మనం చాయలో వేసుకునే చక్కెరలో ఆ రెండూ సగం సగం ఉన్నాయి కాబట్టి జెల్ కొననందుకు నాకేమీ చింత లేదు.

మునుగోడు రోడ్డు మీద మొదటి గంటన్నర గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. పదహారు కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగాను. జూలై ఉక్కకు నా లెక్క తప్పి, ఇరవయ్యో కిలోమీటరుకే సంచి ఖాళీ అయింది. పత్తిచేను పక్కన ఆటో దిగుతున్న కూలి ఆడవాళ్లు కనబడితే ఆగాను. తడి గోనెపట్టా చుట్టిన క్యాన్ చూపించి ఒకామె "తాగు బిడ్డా" అన్నది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "ఇవి బోరు నీళ్లా అమ్మా?" అని అడిగాను. ఆమె నొచ్చుకోలేదు. ఆ ప్రశ్న అక్కడ కొత్తది కాదనుకుంటాను. "భగీరథ నీళ్లే. బోరు నీళ్లు బర్లకు" అని చెంబు నింపి ఇచ్చి, నా సంచి కూడా నింపింది. సర్కారు నల్లాల్లో వచ్చే మిషన్ భగీరథ నీళ్లన్నమాట.

ఉప్పు లేని నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి పరుగెత్తేవాడికి ప్రమాదం రావచ్చు. ఆ మాట చెప్పి ఉప్పు ఉన్నదా అని అడిగితే, ఆమె సద్ది విప్పి మామిడి తొక్కు వేలెడంత నా అరచేతిలో పెట్టింది. ఆ కారం మిగతా పన్నెండు కిలోమీటర్లలో కడుపును ఏం చేస్తుందోనని భయపడుతూనే నాకాను. ఏమీ కాలేదు. "గిట్ల ఉరికితే పైసలిస్తరా?" అని ఇంకొకామె అడిగింది. మేమే ఎదురు కడతామని చెప్పి ప్రవేశ రుసుము ఎంతో చెప్పాను. "నాలుగొద్దుల కూలి" అని ఆమె లెక్క తేల్చగానే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తిరిగి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై అయింది. 32 కిలోమీటర్లకు మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. కాంటా 66.6 చూపించింది. తగ్గింది 1.8 కిలోలు, తాగింది 3.2 లీటర్లు కాబట్టి చెమటగా పోయింది దాదాపు అయిదు లీటర్లని చిన్నాయనకు వివరించాను. ఆయన మళ్లీ నడుము దాకా వంగే అంకె చదివాడు. ఈసారి అడిగాను. మెడ తిరగక ఇరవై ఏళ్లు దాటిందని చెప్పాడు. ఆయనది మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పటి నుంచి బావులు తవ్వే కూలికి పోయి, తవ్విన బావిలో ఊరిన నీళ్లే తాగాడు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి మెడను బిగించేసింది.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సంస్థ ఇటువంటి లెక్కల్లో పెద్దమనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడని అనుకుంటుంది. ఎండలో గడ్డపార పట్టినవాడు రెండు లీటర్లతో ఆగడు. లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న నీళ్లు నీడపట్టున కూర్చున్నవాడికి ఆరు మిల్లీగ్రాములిస్తే, ఆరు లీటర్లు తాగే కూలికి పద్దెనిమిది ఇస్తాయి. మరగబెడితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి దాన్ని తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టారు. నీటిశుద్ధి పుస్తకాల్లో అది నల్లగొండ టెక్నిక్. చెమట లెక్కలు నెల రోజులుగా నోటుబుక్కులో రాసుకుంటున్న నాకు, చెమట ఎక్కువ పట్టినవాడి ఎముకల్లోకే విషం ఎక్కువ చేరుతుందన్న లెక్క ఆ కాంటా ముందు నిలబడేదాకా తట్టలేదు.

"మూడు లీటర్లేనా?" అన్నాడు చిన్నాయన. "బాయి తవ్వేనాడు పొద్దుగూకేదాక ఇద్దరం కలిసి బిందెడు తాగేటోళ్లం."

అంతలో బియ్యం కోసం ఎవరో వచ్చారు. కాంటా మీద నా తడి పాదాల గుర్తులు అలాగే ఉన్నాయి. చిన్నాయన భుజం మీది తువ్వాలతో వాటిని తుడిచి, బస్తా ఎత్తి పెట్టాడు. లోపలి నుంచి చిన్నమ్మ కోడికూర వేడి చేశానని పిలిచింది.