చెయ్యి ఆగకూడదు

మన మ్యూజిక్ రూములో గిటార్ పట్టినవాళ్లకి మాస్టారి మాట గుర్తుండే ఉంటుంది: "తీగ మోగకపోయినా ఫరవాలేదు, చెయ్యి మాత్రం ఆగకూడదు." లయకి అసలు పునాది అదేనని నా గట్టి నమ్మకం.

అందరూ మొదట నేర్చే స్ట్రమ్మింగే (తీగలన్నీ కలిపి మీటే వరసే) చూడండి: కింద, కింద-పైన, పైన-కింద-పైన. వినిపించేవి ఆరు స్ట్రోకులు (మీటులు), చెయ్యి కదలాల్సింది ఎనిమిదిసార్లు: నాలుగు బీట్లలో (తాళం దెబ్బల్లో) ఒక్కోదానికి ఒకసారి కిందికి, ఒకసారి పైకి. మూడో బీటు మీద చెయ్యి తీగలకి తగలకుండా కిందికి దిగాలి. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే చెయ్యి ఆపేస్తారు. దాంతో తర్వాతి అప్‌స్ట్రోక్ (పైకి మీటడం) అంచనా మీద పడుతుంది, పాట తడబడుతుంది.

ఊపు ఎంత ఉండాలన్నది వేగాన్ని బట్టి. 60 టెంపోలో, అంటే నిమిషానికి 60 బీట్ల వేగంలో, ఇదే వాయిస్తే ఒక్కో స్ట్రోకుకి అర సెకను ఉంటుంది. అక్కడ చిన్నగా ఊపితే చెయ్యి ముందే వచ్చి కాచుకోవాలి, ఆ కాచుకోవడంలోనే పరుగు మొదలవుతుంది. మోచేతి నుంచి వెడల్పుగా ఊపండి. 120లో బీటుకి నాలుగు చొప్పున వాయిస్తే స్ట్రోకుకి సెకనులో ఎనిమిదో వంతే దొరుకుతుంది. అప్పుడు పని మణికట్టుది. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) కొస మాత్రమే తీగకి తగలాలి. లోతుగా దిగితే చిక్కుకుంటుంది, బీటు వెనకబడుతుంది.

ఎడమ చేతిని చాలామంది పట్టించుకోరు. స్వరం ఎంతసేపు మోగాలో తేల్చేది అదే. 1937లో కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రాలో చేరిన గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ బీటుకో స్ట్రోకు వాయించి, మోత ఆగేలా వెంటనే ఎడమ చేతి వేళ్ల ఒత్తిడి సడలించేవాడు. ఆ బ్యాండు నడకకి అదే ప్రాణం. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలోని గిటారిస్టు జిమ్మీ నోలెన్ తీగల మీద వేళ్లు తేలిగ్గా ఆనించి, కావలసిన చోట మాత్రం నొక్కేవాడు. కుడిచెయ్యి గరగరమంటూ సాగుతూనే ఉండేది. వినండి, చెవి ఒప్పుకుంటుంది.

కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారేటప్పుడు చివరి అప్‌స్ట్రోక్ దగ్గరే ఎడమ చెయ్యి లేవాలి. ఆ క్షణం ఖాళీ తీగలు మోగితే మోగనివ్వండి, కుడిచేతిని మాత్రం ఆపకండి.

సాధనకి మెట్రోనోమ్‌ను (టిక్కుటిక్కుమంటూ లయ చూపే పరికరాన్ని) 50కి పెట్టి, ప్రతి టిక్కునూ 2, 4 బీట్లుగా లెక్కపెట్టుకుంటే 100 టెంపో అవుతుంది. 1, 3 బీట్లు మీ ఒంట్లోంచే రావాలి. ముందు ఎడమ చేతి వేళ్లు ఆనించి, తీగలన్నీ మోగకుండా మూసి వాయించండి. కనీసం రెండు వేళ్లు ఆనించాలి. ఒక్క వేలే పెడితే 5, 7, 12 ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ పట్టీల) దగ్గర హార్మోనిక్స్ (గంటలాంటి సన్నని స్వరాలు) మోగి చెవిని పక్కదారి పట్టిస్తాయి.